పీరయ్య కట్టిన పొట్లాలు

శనివారం పొద్దున చంద్రిక బల్ల మీద రాజీవ్ పెట్టి వెళ్ళిన కాగితంలో ఐదు పనులున్నాయి.

గ్రూప్-2 గైడు మిగిలిన రెండు ఫారాలు, ముప్పై రెండు పేజీలు, అచ్చు వేయించి బైండింగుకు పంపాలి.
కేలండర్ల పైన వేసే రేకు పట్టీలు ఇంకో వెయ్యి తెప్పించాలి.
సోమవారం పదింటికి ట్రాలీ తెమ్మని పాత ఇనుము నాగేందర్‌కు ఫోన్ చేయాలి.
సోమవారం నుంచి పనికి రావద్దని పీరయ్యకు చెప్పాలి.
కింద పెట్టిన రిపోర్టు మీద సంతకం పెట్టాలి.

మొదటి రెండూ ఆమె రోజూ చేసేవే. మూడోది చదివి ఆగింది. నాలుగోది చదివి కూర్చుంది. ఐదోదాని కోసం కాగితం ఎత్తి చూసింది.

కింద టైపు చేసిన ఒక పేజీ ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తున్న ఆఫ్‌సెట్ మిషిన్ జీవితకాలం ముగిసిందనీ, 2020 నుంచి ఆపరేటర్ పీరయ్య నిర్లక్ష్యం వల్ల, చేతి బలహీనత వల్ల అది బాగుచేయడానికి వీల్లేకుండా పోయిందనీ, దాన్ని తుక్కు కింద తీసేయడమే మంచిదనీ ఆ పేజీలో ఉంది. అడుగున ఆమె పేరు, పక్కన బి.టెక్ మెకానికల్, పైన ఒక ఖాళీ గీత.

చంద్రిక పనిచేసే ప్రెస్సు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో ఉంటుంది. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే గైడ్లలో చాలావరకు అక్కడే అచ్చవుతాయి. యజమాని కిషన్ రావుకు డెబ్బై దాటాయి. నారాయణగూడలో ఇల్లు. సోమవారం ఒక్కపూట వచ్చి చూసిపోతాడు. మిగతా రోజులన్నీ కొడుకు రాజీవ్‌వే. చంద్రిక సూపర్‌వైజరుగా చేరి పద్నాలుగు నెలలైంది. పనికి ముందు లైబ్రరీలో కూర్చుని ప్రభుత్వ ఇంజినీరు పరీక్షకు చదువుకుంటుంది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఆ మాటకొస్తే, సంతకం పెట్టగలిగిన మొదటి మనిషి కూడా ఆమే.

రాజీవ్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"చదివినవా?"

"చదివిన సార్."

"మరి సంతకం ఏది?"

"పీరయ్య కాకా నిర్లక్ష్యం అని రాసిన్రు. ఆయన నిర్లక్ష్యం చేసుడు నేనెన్నడు చూడలే."

"నువ్వచ్చి ఏడాది. దానికి ముందుది నీకేం ఎరుక? 2020 జనవరిల నారాయణగూడ చౌరస్తాల ఆటో గుద్ది ఆయన చెయ్యి విరిగింది. గప్పటి నుంచే మిషిన్ విరగవట్టింది. ఎన్ని బేరింగులు పోయినయి, ఎన్ని రోజులు బంద్ పడ్డది. కొత్తది కొందామంటే నాన్న నమ్మడు. ఇంజినీరు రాసిస్తేనే ఒప్పుకుంట, పీరయ్యను ఊరికే తీసెయ్య అంటడు. ఇంట్ల ఇంజినీరును పెట్టుకోని బయటోన్ని ఎందుకు పిలవాలె?"

"కొత్త మిషిన్ ఎన్నేండ్లు వస్తదని తీసుకుంటున్నరు సార్?"

"కొత్తది గదా. వస్తది."

"కొన్న ధర ఒక్క రోజుదే సార్. ఇంకు, కరెంటు, మార్చే సామాన్లు, బంద్ పడ్డ రోజులు, ఆఖరుకు అమ్మితే వచ్చేది, ఇవన్నీ కలిపితేనే మిషిన్ ఖర్చు తెలుస్తది."

"ఆ లెక్క పరీక్షల రాసుకో తల్లీ, మార్కులస్తయి. ఇది ప్రెస్సు." అతను టీ ముగించి గ్లాసు ఆమె బల్ల మీదే పెట్టాడు. "సోమవారం నాన్న వచ్చేసరికి సంతకం ఉండాలె. లేకుంటే ఆయనతోపాటు నువ్వు గూడ ఇంటికి పోవచ్చు. ఒక్క నౌకరి పోతే సరిపోయేదానికి రెండెందుకు పోగొడ్తవ్, ఆలోచించుకో."

చంద్రిక లేచి మిషిన్ దగ్గరికి వెళ్ళింది. పీరయ్య కిరోసిన్ గుడ్డతో రోలర్లు తుడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. కుడిచేతి మణికట్టు కొంచెం వంకర. అక్షరం ముక్క రాకపోయినా, అచ్చులో రంగు వెంట్రుక వాసి జరిగితే పది అడుగుల దూరం నుంచి పట్టేస్తాడు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? పరీక్ష మళ్ళ వాయిదా పడ్డదా?"

నాలుగో పని ఆమె నోటికి రాలేదు. బదులుగా, "కాకా, ఈ మిషిన్‌కు ఇప్పటిదాక ఏమేం మార్చినవో గుర్తున్నదా?" అని అడిగింది.

"గుర్తెందుకు? ఉన్నయి గదా."

మిషిన్ వెనక గోడవార ఒక రేకు పెట్టె ఉంది. దాని మీద ఇంకు డబ్బాలు పేర్చి ఉండటంతో ఇన్నాళ్ళూ ఆమె దాన్ని బల్ల అనుకుంది. పీరయ్య డబ్బాలు దించి మూత తెరిచాడు. లోపల కాగితం పొట్లాలు, సుతిలితో కట్టినవి, వరసగా పేర్చి ఉన్నాయి.

దసరాకు ఆయుధపూజ ప్రతి ప్రెస్సులోనూ చేస్తారు. మిషిన్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, గుమ్మడికాయ కొడతారు. పీరయ్య దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఆ ఏడాది మిషిన్‌లో అరిగినవీ విరిగినవీ అన్నీ ఒక డాల్డా డబ్బాలో దాచిపెడతాడు. పూజ నాడు వాటిని ఒక పొట్లం కట్టి, మిషిన్ ముందు పెట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టి పెట్టెలో వేస్తాడు.

"ఇదేం మొక్కు కాకా?"

"మొక్కేం గాదు. మన కోసం అరిగినయి. దండం గూడ పెట్టకుండ చెత్తల ఎట్ల పారేస్తం?"

మొత్తం ఇరవై నాలుగు పొట్లాలు. చంద్రిక గుండె ఒక్కసారి తేలికైంది. కాలేజీలో యంత్రం జీవితకాల ఖర్చు అనే పాఠం ఉండేది. కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా యంత్రం ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో రాసిపెట్టాలని సార్ చెప్పేవాడు. అట్లా రాసిపెట్టిన యంత్రాన్ని ఆమె ఎక్కడా చూడలేదు. ఇక్కడ, రాయడం రాని మనిషి దగ్గర, పెట్టె నిండా ఉంది.

పొట్లాలు కట్టినవి మామూలు కాగితాలు కావు. రంగు కుదరక పక్కన పడేసిన కేలండర్ షీట్లు. ఒక్కో దాని మీద ఒక్కో దేవుడు, పక్కన ఏడాది అంకె. ఆమె ఒక్కొక్కటి విప్పి, చూసి, నోట్‌బుక్కులో రాసుకుంటూ పోయింది. 2002 నుంచి 2019 దాకా పద్దెనిమిది పొట్లాల్లో కలిపి ఇంకు రోలర్ల బేరింగులు మూడే. 2020 పొట్లం విప్పింది. ఒక్కదాంట్లో నాలుగు. 2021లో ఒక బేరింగు, స్ప్రింగు, రబ్బరు ముక్క, అంతే. అదెందుకట్లా ఉందో అర్థం కాలేదు; రాసుకుని ముందుకు పోయింది. 2022లో ఐదు. ఆ తర్వాత ప్రతి ఏడూ నాలుగో, ఐదో. ఆఖరు పొట్లం మీద 2025, లోపల ఆరు.

పెన్ను ఆగిపోయింది. విరగడం మొదలైంది 2020లో. పీరయ్య చెయ్యి విరిగింది 2020లో.

సాయంత్రం రాజీవ్ వెనక నుంచి వచ్చి నోట్‌బుక్కులోకి తొంగి చూశాడు. "2020. నేనేమన్న?" అన్నాడు. ఇంకేమీ అనకుండా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అబద్ధం మీద సంతకం పెట్టనని మొండికేయడం తేలిక. చంద్రిక దానికి పొద్దుననే సిద్ధపడింది. కానీ అది అబద్ధం కాకపోతే?

ఆదివారం ఆమె లైబ్రరీకి పోలేదు. రాంనగర్ బస్తీలో తమ గది ముందు గడప మీద కూర్చుంది. అమ్మ రామమ్మ బియ్యం ఏరుతోంది. నాయిన ఆశన్న మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు మేస్త్రీల కింద పనిచేసిన మనిషి. తొమ్మిదేళ్ళ కింద మూడో అంతస్తులో కట్టెల సారవ విరిగి కింద పడ్డాడు. ఆసుపత్రి మంచం మీద ఎవరో ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితంలో ఏముందో రెండు నెలల తర్వాత, అప్పుడు పదో తరగతి చదువుతున్న చంద్రిక చదివి చెప్పింది. కూలివాడు తన సొంత నిర్లక్ష్యం వల్ల జారిపడ్డాడని ఉంది.

నిన్నటి రిపోర్టులో అదే మాట కనబడినప్పుడు ఆమెకు ముందు గుర్తొచ్చింది ఆ సిరా అంటిన బొటనవేలే.

"నాయినా, ఒక మనిషిది తప్పని రాయాలె. రాయనని కొట్లాడుదామనుకున్న. చూస్తే ఆయనదే తప్పులెక్క కొడుతున్నది."

ఆశన్న ఆమె వైపు తిరిగాడు. "తప్పయితే రాయి. ఎందుకు రాయవు? ఇంజినీరువు. కని సక్కగ సూసినవా?"

"చూసిన."

"మల్లొక్కసారి సూడు బిడ్డా. నా కాయిదం రాసినోడు ఒక్కసారి గూడ పైకెక్కి ఆ కట్టెను సూడలే."

రామమ్మ బియ్యంలోంచి తల ఎత్తకుండానే అంది. "సూసుడేదో తిని సూడు. పొద్దుగాల్నుంచి ఏం తినలేదు."

సాయంత్రం పొట్లాలు మళ్ళీ చూద్దామని ప్రెస్సు తాళంచెవి తీసుకుని బయల్దేరింది. దారిలో లైబ్రరీ దగ్గర కురుమమ్మ బండి ముందు ఆగింది. చదువుకునే పిల్లలకు కురుమమ్మ మిర్చి బజ్జీలే రాత్రి భోజనం.

"ఏం చెల్లే, ఇయ్యాల పుస్తకాలు లెవ్వు? పాసయినవా ఏంది?"

"ఇంకా కాలేదక్కా. నాలుగు ఇయ్యి."

కురుమమ్మ నాలుగు బజ్జీలు కాగితంలో వేసి, ఉల్లిగడ్డలు చల్లి చేతికిచ్చింది. చంద్రిక ఒకటి కొరికింది. రెండోది తీసేసరికి నూనె ఇంకిన కాగితం మీద ఎర్రటి అంకెలు పైకి తేలాయి. జనవరి 2026.

బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది సెప్టెంబరు.

"అక్కా, ఈ కాయిదం ఏడిది?"

"మీదే గదనే. మొన్న పీరన్న ఇచ్చిండు, రంగు పడలేదంట. ఏం, సామి బొమ్మ మీద బజ్జి పెట్టిన్నని కోపమా? బొమ్మ ముక్క చింపి పక్కకు పెట్టిన, చూడు."

"వచ్చే ఏడు అప్పుడే వచ్చిందా అక్కా?"

"మీ ప్రెస్సోళ్ళ కాడికి మూడు నెలలు ముందుగాలనే అస్తది. నాకేమో ఎన్నడో పోయిన ఏడు ఇంకా నడుస్తనే ఉన్నది."

చంద్రిక మిగతా బజ్జీలు నడుస్తూనే తిన్నది. ఏ ప్రెస్సులోనైనా కేలండర్ పని దసరాకు ముందే మొదలవుతుంది. దసరా నాడు పీరయ్య చేతికి అందే చెడిపోయిన షీటు ఎప్పుడూ వచ్చే ఏటిదే. చదవడం రాదు కాబట్టి ఆయనకు ఆ అంకెతో పనిలేదు. చదవడం వచ్చింది కాబట్టి ఆమె అంకెనే నమ్మింది. ఈ ఏటి దసరాకు ఇంకా పది రోజులుంది, అయినా పెట్టెలో 2025 పొట్లం ఉంది. కళ్ళ ముందున్న ఆ సంగతి కూడా ఆమెకు తట్టలేదు. ప్రతి పొట్లం ఒక ఏడాది వెనక్కి జరగాలి.

ప్రెస్సు తాళం తీసి ఆమె లెక్క మొత్తం తిరగరాసింది. ఈసారి అంకెలే కాదు, బేరింగులు కూడా ఒక్కొక్కటి గుడ్డతో తుడిచి వెలుగులో తిప్పి చూసింది.

సోమవారం పదింటికి కిషన్ రావు వచ్చేసరికి పొట్లాలన్నీ మిషిన్ కాళ్ళ దగ్గర నుంచి తలుపు దాకా వరసగా విప్పి ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక చీటీ. పీరయ్య ఏం జరుగుతున్నదో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాకిట్లో పాత ఇనుము కొనే నాగేందర్ ట్రాలీ ఆపి, పాన్ నములుతూ లోపలికి చూస్తున్నాడు.

"ఏంది ఇది, అంగడి పెట్టినవా?" అన్నాడు రాజీవ్. "రిపోర్టు ఏది?"

"ఉన్నది సార్. ముందుగాల ఒక మాట. శనివారం నేను తప్పు లెక్క రాసిన. అది మీరు చూసిన్రు." ఆమె కిషన్ రావు వైపు తిరిగింది. "పెద్దసారూ, దసరా నాడు మన దగ్గర పడి ఉండే చెడు కాయిదం ఏ ఏటిది ఉంటది?"

పెద్దాయన స్టూలు మీద కూర్చుని కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. "వచ్చే ఏటిదే గదమ్మా. నలభై ఏండ్లనుంచి అంతే."

"అయితే 2020 కాయిదంల ఉన్న ఈ నాలుగు బేరింగులు 2019 దసరాకు కట్టినయి. కాకా చెయ్యి విరిగింది ఆ తర్వాత జనవరిల. చెయ్యి విరుగకముందే ఇవి విరిగినయి సార్."

"ఇదంత నీ కథ." రాజీవ్ గొంతు పెరిగింది. "ఏ కాయిదంల ఎప్పుడు కట్టిండో ఎవడు చూసిండు? ఆయనకు చదువురాదు, నువ్వు నిన్నగాక మొన్నచ్చినవ్."

చంద్రిక పక్కనున్న కాగితం ఎత్తి చూపింది. "దీని మీద 2021 ఉన్నది. లోపల ఒక్క బేరింగు, ఒక స్ప్రింగు, ఒక రబ్బరు ముక్క. ఏడాదంత గింతే అరిగింది. ఏ ఏడు సార్ ఈ మిషిన్ నడువకుండ ఉన్నది?"

వాకిట్లోంచి నాగేందర్ పాన్ ఒక దవడకు తోసి అన్నాడు. "కరోనా గదా అన్న. గా ఏడు నా ట్రాలీ సుత గడప దాటలే. 2020 గది."

కిషన్ రావు పెదవుల మీద నవ్వు వచ్చి పోయింది. రాజీవ్ నాగేందర్ వైపు చూసిన చూపుకు అతను రెండడుగులు వెనక్కి జరిగాడు.

చంద్రిక అరచేతిలో రెండు బేరింగులు పట్టుకుని పెద్దాయన ముందు చాపింది. "ఇది 2011ది. చుట్టు కంపెనీ పేరు చెక్కి ఉన్నది. ఇసొంటిది ఒక్కటి పెడితే ఆరేడేండ్లు నడిచింది. ఇది 2019ది. పేరు లేదు, ఊరు లేదు. 2019 నుంచి పోయినవన్నీ ఇసొంటివే. సగం ధరకు వస్తయి, రెండు మూడు నెలలకు పోతయి. పోయినప్పుడల్లా రెండు రోజులు బంద్. పోతూ పోతూ షాఫ్టును గీక్కపోతయి. మిషిన్ ముసలిదయి విరుగుతలేదు సార్. మనమే దానికి చెడు తిండి పెడుతున్నం."

2019 ఉగాదికి కొనుగోళ్ళు ఎవరి చేతికి వచ్చాయో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ రాజీవ్ వైపు చూడలేదు.

"ఏనుగును కొన్నోడు అంకుశం కాడ బేరమాడిండట," అన్నాడు కిషన్ రావు నెమ్మదిగా. తర్వాత పీరయ్యను చూశాడు. "నువ్వెందుకు చెప్పలే పీరయ్యా?"

"చిన్నసారుకు చెప్పిన సార్. బేరింగంటే బేరింగే గదా అన్నరు. మీ దాకా తెస్తే తండ్రీకొడుకుల నడుమ నేను పంచాది పెట్టినట్టయితదని..." పీరయ్య మిగతాది మింగేశాడు.

"అదంత వదిలెయ్యి నాన్నా. కొత్త మిషిన్ బుధవారం దిగుతది, మాట అయిపోయింది," అన్నాడు రాజీవ్.

"దిగనియ్యిండ్రి సార్," అంది చంద్రిక. "దానికి గూడ గివే బేరింగులు వేస్తే అయిదేండ్లకు నాగేందరన్న మళ్ళ ట్రాలీ తెస్తడు. అప్పుడు రాయనీకి ఎవరి చెయ్యి విరగాలె?"

"నువ్వు ఎవరి జీతం తింటున్నవో యాదిపెట్టుకోని మాట్లాడు."

"ఈ మిషిన్ది సార్. నేనొక్కదాన్నే గాదు."

ఆమె బల్ల మీది రెండు కాగితాలు తెచ్చి పెద్దాయన ఒళ్ళో పెట్టింది. ఒకటి రాజీవ్ టైపు చేయించినది, గీత ఖాళీగానే ఉంది. రెండోది ఆమె చేత్తో రాసినది, అడుగున సంతకం ఉంది.

కిషన్ రావు రెండోది చివరిదాకా చదివాడు. వెనక్కి పోయి ఇంకోసారి చదివాడు.

"అంత బాగనే ఉన్నదమ్మా. ఈ ఒక్క వరుస తీసెయ్యి. 'నాసిరకం కొనుగోళ్ళ వల్ల' అన్నది. ఇంటి మాట ఇంట్ల ఉంటది."

"తీయను సార్."

"మర్యాద కోసం అడుగుతున్న."

"కాకా పేరు రాసినప్పుడు అది ఇంటి మాట కాలేదు సార్. నిర్లక్ష్యం అని కాయిదం మీదకెక్కింది. నేను ఎవరి పేరూ రాయలే. జరిగింది రాసిన. అది తీసేస్తే మిగిలేది వట్టి మిషిన్ ముసల్ది అన్న మాటే. దాని మీద నా సంతకం ఉండదు. మా ఇంట్ల సంతకం పెట్టేది నేనొక్కదాన్నే సార్. సక్కగ పెట్టాలె."

పెద్దాయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆ వరుస కొట్టేస్తాడని ఆమె అనుకుంది. ఆయన కాగితం అడుగున 'చూశాను' అని రాసి, తన సంతకం చేసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కొత్తది ఇప్పుడు వద్దని చెప్పు. రెండేండ్లు చూద్దాం," అన్నాడు కొడుకుతో. "మంచి బేరింగులు వేయించు. షాఫ్టు సాఫ్ చేయించు. నేనున్నప్పటి లెక్క వారానికోసారి మిషిన్ ఆపి నూనె పోసే పద్ధతి మళ్ళ పెట్టు. ఖర్చంత ఈ పిల్ల రాస్తది. అప్పటికి గూడ ఇది మనల్ని తింటుందని తేలితే, అమ్ముదామని ఆమెనే రాస్తది. ఏమ్మా, రాస్తవా?"

"తేలితే రాస్త సార్."

"అంటే నేను ఖాళీ ట్రాలీ తోలుకపోవాల్నా?" అన్నాడు నాగేందర్. "గా విరిగిన బేరింగులన్న ఇయ్యిండ్రి, కిరాయన్న ఎల్తది."

"అవ్వి అమ్మం," అన్నాడు పీరయ్య. ఆ పూట అంతా కలిపి ఆయన గట్టిగా మాట్లాడింది ఆ రెండు మాటలే.

రాజీవ్ ఇప్పటికీ పొద్దున్నే పనుల కాగితం బల్ల మీద పెట్టి వెళ్తాడు. చంద్రికతో పని ఉంటే తప్ప మాట్లాడడు. ఆమె దానికేమీ నొచ్చుకోలేదు. పనులు చేస్తుంది, ఐదో వరుస దాకా చదివి మరీ చేస్తుంది.

దసరా నాడు మిషిన్‌కు దండ వేశారు. పీరయ్య డాల్డా డబ్బా బోర్లించి, ఆ ఏటి సామాన్లను 2026 జనవరి కాగితంలో పెట్టి సుతిలి కట్టాడు. పొట్లాన్ని చంద్రిక ముందుకు జరిపాడు.

"ఏ ఏటిదో నువ్వు రాయి బిడ్డా."

ఆమె '2025 దసరా' అని పెద్ద అక్షరాల్లో రాసింది.

"నా పేరు గూడ రాయి."

"నీ పేరెందుకు కాకా?"

"మళ్ళ తప్పు లెక్క రాస్తవేమో. ఎవర్ని అడగాల్నో తెలువాలె గదా."

ఆమె నవ్వి, రాసింది.

అశోక్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద మీరు కొన్న గైడు ఆఖరు పేజీలో ప్రెస్సు పేరు ఉంటుంది, ధర ఉంటుంది. దాన్ని అచ్చు వేసిన మనిషి పేరు ఉండదు. ఈసారి కొత్త పుస్తకం తెరిచి, అక్షరాలు చెదరకుండా నిటారుగా నిలబడి కనిపిస్తే, వంకర మణికట్టుతో రోలర్లు తుడిచే పీరయ్య అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. అరిగిపోయిన ఇనుప ముక్కను కూడా దండం పెట్టకుండా పారేయలేడాయన.